బాధపడలేదంటే నమ్మలేదు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇది: మా పాపకి ఫిట్స్ వచ్చినప్పుడు పక్కనున్న మనిషి ఏమీ చెయ్యకుండా చూస్తూ నిలబడిపోవడం. ఫిట్స్ గురించి అంత భయం లేదు. జ్వరం ఎక్కువైతే కొందరు చిన్నపిల్లలకి వస్తాయి, పెద్దయ్యేకొద్దీ పోతాయి అని డాక్టరు చెప్పాడు. నమ్మాను. నమ్మి కూడా ఎలా భయపడతారో పిల్లల్ని కన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నా దిగులల్లా ఆ పక్కనున్న మనిషి ఎవరా అని. పగలంతా ఆ మనిషిని నేను కాదు కదా.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ మిషను దగ్గర నా పని. మా షెడ్డుకీ, పనివాళ్ళ పిల్లల్ని ఉంచే గదికీ మధ్య ఒక్కటే గోడ. మిషను ఆవిరి వదులుతున్నంతసేపూ ఏమీ వినపడదు. అది ఆగగానే అవతల పిల్లల గోల. ఆ గోలలో మా పాప గొంతు వెతుక్కోవడం నా రెండో ఉద్యోగం, జీతం లేనిది.

పిల్లల గదిని చూసుకునేది పెద్దమ్మ. ఆవిడ ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మే. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, గట్టి నోరు. పిల్లల్ని ఒక్క మాట అనదు, తల్లుల్ని మాత్రం వదలదు. పాలసీసా వాసనొస్తోందని ఒకరికి, గోళ్ళు తియ్యలేదని ఇంకొకరికి వడ్డించేది. పొద్దున్నే పిల్లని దింపడానికి వెళ్తుంటే చదవకుండా పరీక్షకి వెళ్తున్నట్టుండేది నాకు.

పాపకి మొదటిసారి ఫిట్స్ వచ్చింది ఆ గదిలోనే. ఒళ్ళు వెచ్చగా ఉంటే మందు పట్టించి, ఏమీ చెప్పకుండా దింపేసి పనిలోకి పోయాను. సెలవడిగితే సూపర్వైజరు మొహం ఎలా పెడతాడో నాకు తెలుసు. మధ్యాహ్నం గోడ మీద ఎవరో దబదబా బాదారు. పరిగెత్తాను. పాప నేల మీద పక్కకి తిరిగి ఉంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. పెద్దమ్మ దాని చెంప కింద చెయ్యి పెట్టి, గడియారం కేసి చూస్తూ కూర్చుంది. ఎవరో చెంచా పట్టుకొచ్చి పళ్ళ మధ్య పెట్టబోతే, తల తిప్పకుండానే అంది, "అది నీ నోట్లో పెట్టుకుని ఆ మూల నిలబడు."

తగ్గింది. పాప కళ్ళు తెరిచి ఏడ్చింది. అప్పుడు తిరిగింది పెద్దమ్మ నా మీదకి.

"జ్వరం పిల్లని చెప్పా పెట్టకుండా పడేసిపోతావా? బుద్ధుందా నీకు? ఒక్క మాట చెప్పుంటే కనిపెట్టుకుని కూర్చునేదాన్ని కదే. ఆ దుప్పట్లేమైనా మీ తాత కట్టబెట్టాడా, అంత ప్రేమ?"

తిడుతూనే నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. మొహం కడుక్కోమంది, తల్లి ఏడుస్తుంటే పిల్ల బెదురుతుందని. డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, ఎంతసేపు కొట్టుకుందో, ఎటువైపు ఎక్కువగా లాగిందో నా చేత అప్పజెప్పించి పంపింది. ఆ రోజు నుంచి ఆ గది వైపు భయం సగం తగ్గింది నాకు.

కొన్నాళ్ళకి సర్కిల్ వచ్చింది.

లాండ్రీ యజమానులు మారారు. కొత్తవాళ్ళు పనిచేసే చోట సమానత్వం ఉండాలన్నారు. దాని కోసం ఒక సంస్థ నుంచి ఒకమ్మాయిని పిలిపించారు. నాకంటే ఓ నాలుగైదేళ్ళు పెద్దది. నూలు బట్టలు, మెత్తటి గొంతు, ఎవరు మాట్లాడినా కళ్ళలోకి చూస్తూ వింటుంది. మేడమ్ అనొద్దు, అక్కా అనండి అంది. దుప్పట్లు మడతలు పెట్టే మా వదిన (మడతల వదిన అంటాం) నా చెవిలో గొణిగింది, "నా తోడబుట్టిన అక్కే నన్నింత ప్రేమగా చూళ్ళేదు. ఇందులో ఏదో ఉందే." ఆ పూటే ఆవిడకి సర్కిల్ అక్క అని పేరు పెట్టేసింది కూడా. వారానికోసారి భోజనాలయ్యాక అందరం నేల మీద గుండ్రంగా కూర్చోవాలి. కుర్చీలుండవు, కుర్చీ అంటే ఎత్తు కాబట్టి.

మొదట్లో నాకు సర్కిల్ బాగా నచ్చింది. నచ్చలేదంటే అబద్ధం. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను నేను. అమ్మకి జబ్బు చేసింది, తమ్ముణ్ణి చూసుకోవాలి, అంతే. నువ్వెందుకు మానేశావని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆడపిల్ల మానేస్తే అడగడానికేముంది. సర్కిల్ అక్క అడిగింది. చెప్పాను. "అది మీ చేతకానితనం కాదు. మిమ్మల్ని మాన్పించింది వ్యవస్థ," అంది. ఆ మాట పట్టుకుని రెండు మూడు రోజులు గాల్లో నడిచాను. లెక్కల్లో నేను మొద్దునని ఇన్నాళ్ళూ అనుకున్నాను మరి.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన వ్యాను నడుపుతాడు, రోజంతా రోడ్డు మీదే.

"మనింట్లో కూడా ఉంటుందా ఆ వ్యవస్థ?" అన్నాడు గిన్నెలు తుడుస్తూ.

"ఉంటుందట. ప్రతి ఇంట్లోనూ."

"ఎవరది? నువ్వా నేనా?"

"గిన్నెలు ఎవరు తుడుస్తున్నారో చూసుకో."

"అయితే నువ్వే. ముందే అనుకున్నా."

అలా నవ్వుకునేవాళ్ళం. నవ్వుకోగలిగినన్నాళ్ళూ అది మంచిదే అనిపించింది.

సర్కిల్‌లో కొన్ని పద్ధతులున్నాయి. బాధపడిన మనిషి మాటే ముందు నమ్మాలి. ఎవరివల్ల బాధ కలిగిందో ఆ మనిషి వెంటనే బదులు చెప్పకూడదు, వినాలి. బదులు చెప్పడం కూడా ఒక రకం అధికారమేనట. విన్నప్పుడు సబబుగానే తోచింది. నోరున్నవాళ్ళ ముందు నోరు లేనివాళ్ళు గెలవలేరని నాకు తెలియందా.

ఒకరోజు సర్కిల్ అక్క అడిగింది. "ఇక్కడ మీ మీద అధికారం ఉన్నవాళ్ళెవరైనా మిమ్మల్ని తక్కువచేసి మాట్లాడారా? నిదానంగా ఆలోచించుకుని చెప్పండి."

ఎవరూ పలకలేదు. అందరి బుర్రలోనూ ఒకే మొహం ఉందని నాకు తెలుసు. సూపర్వైజరు. బాత్రూముకెళ్తే వెనకాలే చిటికెలు వేసే మనిషి. ఆవిరికి చెయ్యి కాలిందంటే, ఇంట్లో కూరొండుతూ కాల్చుకోలేదా ఎప్పుడూ అనే మనిషి. ఆయన సర్కిల్‌లో లేడు. పై ఉద్యోగులకి వేరే సర్కిల్ ఉందన్నారు, అదెప్పుడు జరుగుతుందో మాకు తెలియదు. ఆ గంటలో ఆయన పక్క గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఫోను చూసుకుంటుంటాడు. ఆయన పేరెత్తితే మరుసటి వారం ఎవరి వంతు సాయంకాలం షిఫ్టులోకి పోతుందో అందరికీ తెలుసు.

సర్కిల్ అక్క ఓపిగ్గా చూస్తోంది. ఆవిడ చిన్నబోతుందేమోనని నాకు జాలేసింది. నన్ను బడి గురించి అడిగిన మనిషి. ఏదో ఒకటి చెప్పాలి. మనకెవరు ఏమీ అనుకోరో వాళ్ళ గురించేగా ధైర్యంగా చెప్పగలం. సొంతమనిషి మీద చెప్పినట్టు, నవ్వుతూ, "మా పెద్దమ్మ ఒకసారి నాకు బుద్ధుందా అందక్కా," అన్నాను.

అందరూ నవ్వారు. "నీకొక్కదానికే అందా, మాకు రోజూ వడ్డిస్తుంది," అంది మడతల వదిన.

సర్కిల్ అక్క నవ్వలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపింది. "ఎందుకు నవ్వుతున్నాం? ఒక్కోసారి నొప్పిని నవ్వుతో కప్పేస్తాం. బడికి దూరమైన మనిషిని బుద్ధుందా అని అడిగారు. ఆ మాట ఎక్కడ తగులుతుందో చూడండి."

అందరూ నా కేసి చూశారు. నవ్వులు సర్దుకున్నాయి. నిజంగానే ఒక్క క్షణం ఎక్కడో తగిలినట్టే అనిపించింది. అంతమంది జాలిగా చూస్తుంటే ఎవరికైనా ఏదో ఒకటి తగులుతుంది.

తర్వాతి వారం పెద్దమ్మని పిలిచారు. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోడానికే ఆవిడకి చాలాసేపు పట్టింది. ఒకమ్మాయి స్టూలు తేబోతే, వద్దు, ఇక్కడంతా సమానం అన్నారు. నేను చెప్పిన మాటని సర్కిల్ అక్క మళ్ళీ చెప్పింది. ఆవిడ నోట్లో అది నా మాటలా లేదు, చాలా పెద్దదైపోయింది.

పెద్దమ్మ నా వైపు చూసింది. "అన్నాను. పిల్లకి జ్వరముంటే చెప్పకుండా పోయింది. మళ్ళీ పోతే మళ్ళీ అంటాను."

"ఇప్పుడు బదులు వద్దు పెద్దమ్మా. వినండి చాలు," అంది సర్కిల్ అక్క. ఆ గొంతులో కోపమేమీ లేదు.

"విన్నానమ్మా. నే చెప్పేది కూడా వినాలి కదా ఎవరో ఒకరు."

"కారణం చెప్పగానే ఆవిడ బాధ చిన్నదైపోతుంది. అందుకని."

పెద్దమ్మ పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆవిడ మాట మధ్యలో ఆగిపోవడం నేను చూడటం అదే మొదలు.

మరుసటి రోజు నుంచి ఆవిడని మాసిన దుప్పట్లు వేరుచేసే చోటికి మార్చారు. తీసెయ్యలేదు, తీసెయ్యొద్దని సర్కిల్ అక్కే గట్టిగా చెప్పిందట. కొంతకాలం నేర్చుకోవడం కోసమన్నారు. పిల్లల గదిలో ఏ ఒక్కరికీ పెత్తనం ఉండకూడదని వంతులు పెట్టారు. రోజుకొకరు. ఒకరోజు మడతల వదిన, ఒకరోజు గేటు దగ్గరమ్మాయి, ఒకరోజు కొత్తగా చేరిన పిల్ల, దానికి చంటిబిడ్డని ఎత్తుకోవడమే రాదు. ప్రతి పొద్దునా కొత్త మొహానికి మా పాప సంగతి మొదటి నుంచి చెప్పేదాన్ని. పక్కకి తిప్పు, నోట్లో ఏమీ పెట్టకు, టైము చూడు, గోడ మీద కొట్టు. "అయ్యబాబోయ్, నా వంతు రోజున రాదు కదా?" అనేవాళ్ళు. మిషను ఆగినప్పుడల్లా గోడకి చెవి ఆనించి నిలబడేదాన్ని. రెండు దుప్పట్లు కాల్చాను.

సర్కిల్ అక్క దగ్గరికి వెళ్ళాను. ఆవిడకిచ్చిన చిన్న గదిలో, కింద చాప మీద కూర్చుని ఏదో రాసుకుంటోంది. నన్ను చూసి పక్కన చోటిచ్చింది.

"అక్కా, ఆ రోజు నేనన్నది వెనక్కి తీసుకుంటాను. నేను బాధపడలేదు."

పెన్ను కింద పెట్టింది. "ఎవరైనా ఏమైనా అన్నారా మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదక్కా."

"పెద్దమ్మ మాట్లాడిందా?"

"నా మొహమే చూడటం లేదావిడ. బాధేంటంటే అదీ."

"చూశారా, ఆవిడ మొహం చూడకపోతే మీరు తట్టుకోలేకపోతున్నారు. ఆ మాట ఎంత లోపలికి దిగిందో మీకే తెలియడం లేదు."

"దిగలేదక్కా. తిట్టిందని నవ్వుతూ చెప్పాను, అంతే."

"చిన్నప్పటి నుంచి తిట్లు తిన్నవాళ్ళకి తిట్టు ప్రేమలాగే ఉంటుంది. అది మీ తప్పు కాదు."

"మరి నేనేం చెప్తే నమ్ముతారు?"

ఆవిడ ఆలోచించింది, నిజంగానే. మంచి మనిషి, నన్ను మోసం చెయ్యాలని లేదు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "మీకు టైము కావాలి," అంది.

తిరిగొచ్చి మిషను దగ్గర నిలబడ్డాను. ఇంట్లో నేను వాడే ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది. వేడెక్కిందో లేదో చూడాలంటే నీళ్ళు చిలకరిస్తాం. చుయ్యిమంటే వేడెక్కినట్టు, అనకపోతే లేనట్టు. చుయ్యిమంటే వేడెక్కిందనీ, అనకపోతే లోలోపల ఇంకా ఎక్కువ వేడెక్కిందనీ ఎవరైనా అంటే, ఇక నీళ్ళెందుకు చిలకరించడం? నేను అవునంటే బాధ ఉన్నట్టు. కాదంటే కనిపించనంత లోతుగా ఉన్నట్టు. ఇక నన్నడగడం దేనికి? ఈ మాట ఆ గదిలో నోటికి రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదేమో. నన్ను బడి గురించి అడిగింది ఆవిడొక్కతే, ఆ గౌరవం నన్ను ఆపేది. ఆవిడ చెప్పిన వ్యవస్థ లేదని నేననను. ఉంది. పక్క గదిలో ఫోను చూసుకుంటూ ఉంది. దాన్ని వదిలేసి మేమంతా కలిసి మోకాళ్ళ నొప్పుల ముసలమ్మని పట్టుకున్నాం.

ఆ రోజు రాత్రి తిండి సహించలేదు. మా ఆయన అన్నాడు, "పెద్దమ్మ చేత ఒక సారీ చెప్పించెయ్యి. నేను రోజుకి పదిమందికి చెప్తాను, తప్పెవరిదైనా."

అదే దారి అనిపించింది. మరుసటి రోజు టీ వేళకి పెద్దమ్మ దగ్గరికెళ్ళాను. మాసిన దుప్పట్ల గుట్ట పక్కన గోడకానుకుని నిలబడి ఉంది. కూర్చుంటే లేవడం కష్టమని కూర్చోవట్లేదట.

"పెద్దమ్మా, నా మీద కోపంగా ఉందా?"

"కోపమేమిటి, నువ్వు చెప్పింది నిజమే కదా. అన్నాను కాబట్టి చెప్పావు."

"ఒక్కసారి సర్కిల్‌లో తప్పయిపోయిందని అనేయవా. నా కోసం వద్దు, పాప కోసం. వంతులవాళ్ళకి దాన్ని చూడటం రావట్లేదు. నాకు ఊపిరాడట్లేదు."

గుట్టలోంచి ఒక దుప్పటి తీసి పక్కకి వేసి అడిగింది, "ఏమనాలో చెప్పు. నాకు వాళ్ళ మాటలు రావు."

నేను నేర్పాను. నా చోటు నుంచి నీ చోటుని చూడలేకపోయాను, నా మాటల్లో అధికారముంది, ఇక నుంచి గమనించుకుంటాను అని. బడిలో పద్యం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించాను. రెండుసార్లు తప్పు చెప్పింది, మూడోసారి వచ్చింది. "ఇదంతా అబద్ధం కాదు కదే?" అని అడిగింది మధ్యలో. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పించాను.

సర్కిల్‌లో చెప్పింది. అందరూ మెల్లగా చప్పట్లు కొట్టారు. సర్కిల్ అక్క కళ్ళు చెమర్చాయి. ఆవిడ వాటేసుకుంటే, పెద్దమ్మ ఆవిడ వీపు మీద తట్టింది, పిల్లల్ని జోకొట్టే చేత్తోనే. పెద్దమ్మ మళ్ళీ పిల్లల గదికి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం నిలవలేదు. వారం తిరక్కుండానే తెలిసింది, పెద్దమ్మ మా అందర్నీ మీరు అంటోంది. గేటు దగ్గరమ్మాయి పిల్లాడికి ముక్కు కారుతుంటే, "తుడవమంటారా అమ్మా?" అని అడిగింది. మడతల వదిన కావాలనే మురికి సీసా పట్టుకెళ్ళి ముందు పెట్టింది. "మీ వీలు చూసుకుని కడగండమ్మా," అందట. వదిన నవ్వుతూ వచ్చి చెప్పబోయింది. మధ్యలోనే ఆగిపోయింది. "ఏంటే ఇది. ఎవరో పోయినట్టుంది నాకు," అంది.

తర్వాత పాపకి మళ్ళీ జ్వరం వచ్చింది. పొద్దున్నే ఒళ్ళు వెచ్చగా ఉంది. సెలవు లేదు. కాలిన దుప్పట్ల సంగతితో అప్పటికే సూపర్వైజరు నా మీద కన్నేసి ఉన్నాడు. మందు పట్టించి తీసుకెళ్ళాను. ఈసారి దాచలేదు.

"పెద్దమ్మా, పాపకి జ్వరం. అయినా తీసుకొచ్చేశాను."

ఇప్పుడు అంటుంది, అనాలి, అని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆవిడ పాప నుదురు మీదకి చెయ్యి తెచ్చింది. తాకకుండా ఆపింది.

"చూడొచ్చా అమ్మా?"

"చూడు పెద్దమ్మా. నన్ను అడుగుతావేంటి."

చూసింది. మొహంలో ఏదో కదిలింది. ఆ నోట్లో మాట తిరుగుతోంది, నాకు కనిపిస్తోంది. మింగేసింది. "జ్వరం బాగానే ఉందమ్మా. ఉంచడమో తీసుకెళ్ళడమో మీ ఇష్టం. మీ నిర్ణయం మీది."

"నువ్వేమంటావు?"

"నేనెవర్నమ్మా అనడానికి."

"మధ్యాహ్నం ఫిట్స్ వస్తే?"

"మిమ్మల్ని పిలుస్తాను. మీరొచ్చి ఏం చెయ్యమంటే అది చేస్తాను."

అవతల మిషను ఆవిరి వదిలితే గోడ మీద ఎంత బాదినా నాకు వినపడదు. ఏం చెయ్యాలో ఈ మనిషికి తెలుసు, చేతుల్లో ఉంది. కానీ నా అనుమతి కోసం చూస్తూ నిలబడుతుంది. తెలియని మనిషైతే నేర్పొచ్చు. తెలిసిన మనిషిని వెనక్కి ఎలా రప్పించాలో నాకు తెలియలేదు. "తిట్టు పెద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి తిట్టు," అన్నాను. ఆవిడ భయంగా తలుపు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. "గట్టిగా అనకండమ్మా," అంది.

పాపని భుజాన వేసుకుని బయటికొచ్చేశాను. గేటు దగ్గర సూపర్వైజరు, "ఇప్పుడు వెళ్తే రేపు రావడం ఎందుకులే," అన్నాడు. దాని గురించి ఏ సర్కిల్‌లో చెప్పాలో తెలియక అలాగే నడిచిపోయాను.

జ్వరం తగ్గింది. ఫిట్స్ రాలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను, పక్కనున్న మనిషిని నేనే. పాప నిద్రపోతే ఇలా రాసుకుంటున్నాను. లాండ్రీ గేటు లోపలికి నన్ను రానివ్వట్లేదు. మడతల వదిన ఫోను చేసి, పెద్దమ్మ అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి పట్టుకెళ్తోందని చెప్పింది. నేను చేస్తే ఆవిడ ఎత్తదు. ఎత్తినా, బాగున్నానమ్మా అంటుంది.

మీరు అటువైపు వెళ్ళే పనుంటే, ఇది చదివినవాళ్ళు ఎవరైనా సరే, ఒకసారి ఆవిణ్ణి చూసి రండి. షెడ్డు పక్క సందులోకి పిల్లల గది కిటికీ ఉంటుంది, పగలంతా తెరిచే ఉంచుతారు. ఊరికే పలకరిస్తే బాగున్నానంటుంది, నమ్మకండి. చంటిపిల్ల ఉంటే ఎత్తుకుని, తల మీద గుడ్డ కప్పకుండా ఎండలో ఆ కిటికీ ముందు నిలబడండి. ఆవిడేమంటుందో వినండి. బుద్ధుందా అంటే ఆ మాట వెంటనే నాకు చెప్పి పంపండి. ఏమీ అనకుండా మీ ఇష్టమమ్మా అంటే మాత్రం అక్కడి నుంచి కదలకండి. లోపలికెళ్ళి పక్కన కూర్చుని, అన్నం తిన్నదో లేదో అడగండి.